వింటర్ టైర్లు మీ తమ్ముడికి కావాలి, మీకు వద్దు

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది నల్లగొండ. టీచర్‌గా పనిచేస్తున్నాను, రోజూ కొండమల్లేపల్లి వైపు కారులోనే వెళ్ళొస్తాను. మా క్రెటాకు ఐదేళ్ళు నిండాయి, యాభై రెండు వేల కిలోమీటర్లు తిరిగింది, టైర్లు మార్చాలని సర్వీసులో చెప్పారు. షాపుకు పోతే 'ఆల్ సీజన్' టైర్లని చూపించి ఒక్కోదానికి వెయ్యి రూపాయలు ఎక్కువ చెప్పారు. మా ఆయనకేమో వారం వారం పొలానికి పోతాం కదా, మట్టి దారుల కోసం చేసిన, పెద్ద పెద్ద బటన్లున్న ఏటీ టైర్లు వేయిద్దామని ఉంది. సంక్రాంతి సెలవుల్లో ఇదే కారులో మనాలి పోదామని పిల్లల పోరు, దానికి వింటర్ టైర్లు కావాలని ఎవరో అన్నారు. ఇంకో సంగతి, మా తమ్ముడు అమెరికాలో మిషిగన్‌లో ఉంటాడు, మొన్న ఆగస్టులో ఎస్‌యూవీ కొన్నాడు. నాలుగు చక్రాలకూ ఇంజన్ బలం అందే బండి కాబట్టి ఆల్ సీజన్ టైర్లే చాలని డీలర్ చెప్పాడట, స్నేహితులు మాత్రం వింటర్ టైర్లు లేకుండా అక్కడ చలికాలం గడవదంటున్నారట. ఇక్కడ అమ్మకు ఒకటే టెన్షన్. మాకు ఏవి మంచివి, వాడికి ఏవి మంచివి?

జవాబు: చెల్లెమ్మా, ముందు జవాబు చెప్పేస్తాను, కారణాలు తర్వాత మాట్లాడుకుందాం. మీ కారుకు కంపెనీ ఇచ్చిన సైజులోనే, తారు రోడ్డు కోసం చేసిన మామూలు హెచ్‌టీ రకం టైర్లు నాలుగూ కొత్తవి వేయించండి. వింటర్ టైర్లు వద్దు, ఏటీ వద్దు, 'ఆల్ సీజన్' అన్న పేరుకు వెయ్యి రూపాయలు ఎక్కువ పెట్టొద్దు. మీ తమ్ముడు మాత్రం వింటర్ టైర్లు కొనాల్సిందే, అక్కడ డీలర్ మాట కన్నా స్నేహితుల మాటే సరైనది. ఒక్క ఇంట్లో పుట్టిన ఇద్దరికి ఇలా వేర్వేరుగా ఎందుకు చెబుతున్నానంటే, టైరు కొనేటప్పుడు మొదట చూడాల్సింది అది తిరిగే రోడ్డు ఎంత కాలుతుంది, ఎంత చల్లబడుతుంది అన్నదే. బండి ఏ కంపెనీది, ఎంత ఖరీదుది అన్నవి ఆ తర్వాత.

టైరు రబ్బరు ఎండకీ చలికీ ఒకే తీరుగా ఉండదు. మన దగ్గర అమ్మే టైర్ల రబ్బరును వేడికి తట్టుకునేలా కాస్త గట్టిగా కలుపుతారు. ఉష్ణోగ్రత ఏడు డిగ్రీల కిందికి పోయేకొద్దీ ఆ రబ్బరు బిగుసుకుపోయి రోడ్డును పట్టుకోలేదు, మంచు పడకపోయినా, రోడ్డు పొడిగా ఉన్నా సరే, బ్రేకు కొడితే బండి ఆగే దూరం పెరుగుతుంది. వింటర్ టైరుకు రబ్బరు కలిపే పాళ్ళే వేరు, సున్నాకు చాలా కిందికి పోయినా మెత్తగానే ఉంటుంది. దాని బటన్ల మీద బ్లేడుతో గీసినట్టు సన్నటి గాట్లు వందల్లో కనిపిస్తాయి, బండి బరువు పడ్డప్పుడు ఆ గాట్లు విచ్చుకుని వాటి అంచులు మంచును పట్టుకుంటాయి. ఇదేమీ నిన్న మొన్న పుట్టిన ఫ్యాషన్ కాదు, ఫిన్లాండ్‌లో 1934లోనే లారీల కోసం వింటర్ టైరు తయారుచేశారు.

అదే టైరును తెచ్చి మే నెలలో నల్లగొండ రోడ్డు ఎక్కిస్తే ఎండలో పెట్టిన బెల్లం ముద్దలా అయిపోతుంది. గాలి నలభై నాలుగు, నలభై ఐదు డిగ్రీలున్న రోజు మధ్యాహ్నం తారు రోడ్డు అరవై దాటి కాలుతుంటుంది. ఆ వేడికి మెత్తటి రబ్బరు గబగబా అరిగిపోవడం ఒక ఎత్తు, స్టీరింగు తిప్పితే బండి ఆలస్యంగా తిరగడం, హఠాత్తుగా బ్రేకు కొట్టినప్పుడు ఇంకాస్త ముందుకు పోయి ఆగడం మరో ఎత్తు. డబ్బు పోతే పోయింది, ఎండాకాలంలో అది ప్రమాదకరమైన టైరు. ఇక మన చలికాలమా, డిసెంబరు తెల్లవారుజామున పన్నెండు, పదమూడు డిగ్రీలకే మనం మఫ్లర్లు చుట్టుకుంటాం, ఏడు దాకా దిగే రోజు మనకు దాదాపు రాదు. అంటే ఆ టైరు పనికొచ్చే రోజు మీ ఏడాది మొత్తంలో లేనట్టే.

షాపులో చూపించిన 'ఆల్ సీజన్' సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. అమెరికాలో సమ్మర్, ఆల్ సీజన్, వింటర్ అని విడివిడిగా అమ్ముతారు, అక్కడ ఏది కొంటున్నామన్నది నిజంగా పట్టించుకోవాల్సిన సంగతి. మన దగ్గర మామూలు షాపుల్లో దొరికేవన్నీ ఎండకూ వానకూ చేసినవే, ఏడాదంతా వాటి మీదే తిరుగుతాం. కాబట్టి మీకు చూపించినదీ, దాని పక్కన వెయ్యి తక్కువకు ఉన్నదీ ఒకే పని చేసే అవకాశం ఎక్కువ. ధరలో తేడా కంపెనీ వల్లనో, మోడల్ వల్లనో అయితే అది వేరే లెక్క, అప్పుడు ఆ మోడల్ గురించి అడగండి. టైరు పక్కగోడ మీద ఎం, ఎస్ అక్షరాలు చూపించి 'మేడమ్, ఇది మంచులో కూడా నడుస్తుంది' అని చెప్పే షాపులు కూడా ఉన్నాయి. ఆ అక్షరాలకు బురద, మంచు అనే అర్థం, కానీ అవి గాడులు ఎంత వెడల్పుగా ఉన్నాయన్నదాన్ని బట్టి కంపెనీ తనంతట తాను వేసుకునే గుర్తు మాత్రమే. మంచులో పరీక్ష చేసి నెగ్గిన టైరుకు వేరే బొమ్మ ఉంటుంది, మూడు శిఖరాల కొండ, దాని లోపల మంచు రేకు. ఈ బొమ్మ మీ తమ్ముడికి అవసరం, మీకు అక్కర్లేదు.

ఇప్పుడు తమ్ముడి విషయం, ఎందుకంటే అతని దగ్గర టైం తక్కువ ఉంది. మిషిగన్‌లో నవంబరు నుంచి మార్చి దాకా చాలా రోజులు ఏడు డిగ్రీల కిందే గడుస్తాయి, జనవరి రాత్రులైతే సున్నాకు బాగా దిగువకు పోతాయి. అతను ఉండేది గ్రాండ్ ర్యాపిడ్స్, కలమజూ లాంటి పడమటి ఊళ్ళ వైపైతే ఇంకా జాగ్రత్తగా ఉండాలి, మిషిగన్ సరస్సు మీదుగా వచ్చే చలిగాలి నీటి ఆవిరిని మోసుకొచ్చి ఆ ఒడ్డున మంచుగా కుమ్మరిస్తుంది, ఆఫీసుకు పోయేటప్పుడు నల్లగా ఉన్న రోడ్డు తిరిగొచ్చేటప్పటికి తెల్లగా ఉంటుంది.

డీలర్ చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. నాలుగు చక్రాలకూ బలం అందే బండి మంచులో నుంచి కదలడానికి బాగా పనికొస్తుంది, కూరుకుపోయిన చోటు నుంచి బయటపడుతుంది. కానీ ఆగడానికి అది చేసే సాయం ఏమీ లేదు. బ్రేకులు ఏ కారుకైనా నాలుగు చక్రాలకూ ఉంటాయి, మీ క్రెటాకూ ఉన్నాయి, అతని బండికీ ఉన్నాయి, ఆగడం, మలుపు తిరగడం అనేవి ఆ నాలుగు చక్రాల కింద రోడ్డును తాకుతున్న కాసింత రబ్బరు మీదే ఆధారపడి ఉంటాయి. అసలు ఇబ్బంది ఎక్కడ వస్తుందంటే, సిగ్నల్ దగ్గర పక్క కార్లు జారుతుంటే తన బండి మాత్రం సాఫీగా కదిలేసరికి మనిషికి ధైర్యం పెరుగుతుంది, వేగం పెంచుతాడు, తర్వాతి సిగ్నల్ దగ్గర ఆపాల్సి వచ్చినప్పుడు బండి ఆగదు. కొత్తగా మంచులో బండి తోలేవాళ్ళకు ఇది మరీ ఎక్కువ జరుగుతుంది. అమ్మ పడుతున్న టెన్షన్ ఊరికే పడుతున్నది కాదు, అయితే దానికి మందు ఉంది, అది డబ్బుతో దొరికేదే.

ఆల్ సీజన్ టైర్లు చెడ్డవని నేను అనడం లేదు. డాలస్‌లోనో అట్లాంటాలోనో ఉన్న బంధువులు 'మేం ఇన్నేళ్ళుగా ఆల్ సీజన్ మీదే తిరుగుతున్నాం' అంటే వాళ్ళ ఊరి వరకు అది నూటికి నూరు పాళ్ళు సరైనదే. మిషిగన్ చలి వేరు. పక్క దేశం కెనడాలో క్యూబెక్ రాష్ట్రంలో డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా వింటర్ టైర్లు లేకుండా కారు రోడ్డెక్కకూడదని చట్టమే ఉంది. జర్మనీలో మంచు, గడ్డకట్టిన రోడ్డు ఉన్నప్పుడు నడపాలంటే ఇందాక చెప్పిన కొండ బొమ్మ ఉన్న టైర్లే ఉండాలి, ఎం, ఎస్ అక్షరాలు మాత్రమే ఉన్నవి 2024 అక్టోబరు నుంచి అక్కడ చెల్లడం లేదు. మిషిగన్‌లో అలాంటి చట్టం లేదు కాబట్టి నిర్ణయం మీ తమ్ముడే తీసుకోవాలి.

కొనేటప్పుడు అతను గుర్తుపెట్టుకోవాల్సినవి చెబుతాను, ఈ పేరా అతనికి వాట్సాప్‌లో పంపించండి. నాలుగూ వేయించుకోవాలి, డబ్బు మిగులుతుందని ముందు రెండే వేయిస్తే మలుపులో ముందు భాగం పట్టుకుంటుంది, వెనక భాగం జారి బండి గిర్రున తిరుగుతుంది. వీలైతే వింటర్ టైర్లకు విడిగా మామూలు స్టీలు రిమ్ములు కొనుక్కుంటే మంచిది, ప్రతిసారీ రిమ్ము నుంచి టైరు ఊడదీసే ఖర్చు తప్పుతుంది, ఖరీదైన అల్లాయ్ వీల్స్‌కు రోడ్డు మీద చల్లే ఉప్పు అంటదు. దీపావళి అటూ ఇటూగా వేయించుకుని ఉగాది వెళ్ళాక తీయించేస్తే సరిపోతుంది. రెండు సెట్లు కొంటే ఖర్చు రెండింతలు అనుకుంటారు గానీ, ఒకటి వాడుతున్నప్పుడు ఇంకోటి అరగదు కదా, రెండూ ఎక్కువ ఏళ్ళు వస్తాయి, అసలు అదనంగా పడేది రిమ్ములు, మార్పించే కూలి. అపార్ట్‌మెంట్‌లో ఉంటూ నాలుగు టైర్లు పెట్టుకోవడానికి చోటు లేదంటే మధ్యలో ఇంకో దారి ఉంది, అక్కడ 'ఆల్ వెదర్' అని అమ్మే రకం, మిషెలిన్ క్రాస్‌క్లైమేట్ 2 లాంటివి. వాటి మీద కొండ బొమ్మ ఉంటుంది, ఏడాదంతా ఉంచుకోవచ్చు. అసలైన వింటర్ టైరంత పట్టు వాటికి గడ్డకట్టిన మంచు మీద ఉండదు, కానీ డీలర్ ఇచ్చిన ఆల్ సీజన్ కన్నా మంచులో ఎంతో నయం. ఇంకోటి, ఉష్ణోగ్రత ప్రతి ఐదారు డిగ్రీలు తగ్గినప్పుడల్లా టైరులో గాలి ఒత్తిడి ఒక పీఎస్ఐ, అంటే బంకులో చెప్పే ఒక పాయింటు, తగ్గుతుంది, ఆగస్టులో కొట్టించిన గాలి జనవరికి ఐదారు పీఎస్ఐ పడిపోవడం మామూలే, డ్యాష్‌బోర్డు మీద టైరు లైటు వెలిగితే చలికి వెలిగిందిలే అని వదిలేయకుండా గాలి కొట్టించుకోమనండి. ఇవన్నీ ఇప్పుడే చేయాలి, మొదటి మంచు పడ్డాక అందరూ ఒకేసారి షాపుల మీద పడతారు, అతని సైజు దొరకదు.

ఇక మీ రోడ్డుకు వద్దాం. మీరు తిరిగే దారిలో మంచు లేదు గానీ టైరును తినేవి చాలా ఉన్నాయి, మీకు నేను చెప్పక్కర్లేదు, రోజూ చూస్తూనే ఉంటారు. వానకాలం కోతలు మొదలయ్యాయంటే సగం రోడ్డు కల్లమే, వడ్లు ఎగిరిపోకుండా, బండ్లు ఎక్కకుండా కుప్ప చుట్టూ రాళ్ళు పెడతారు, వడ్లు ఎత్తుకుపోయాక ఆ రాళ్ళు అక్కడే ఉంటాయి. పొద్దుపోయాక ఎదురుగా వచ్చే లారీ లైట్లు కళ్ళల్లో పడుతున్నప్పుడు ఆ రాయి కనిపించదు, చక్రం ఎక్కితే టైరు పక్కగోడ లోపలి దారాలు తెగుతాయి. బయటికి ఆ రోజు ఏమీ కనిపించదు, కొన్నాళ్ళకు అక్కడ కోడిగుడ్డంత పొక్కు లేస్తుంది. ఆ పొక్కు కనిపించిన టైరుకు రిపేరు లేదు, ప్యాచ్ వేస్తామని ఎవరన్నా ఒప్పుకోవద్దు, వెంటనే తీసేయాలి. నాట్లప్పుడు కేజ్ వీల్స్ ట్రాక్టర్లు పొలంలోంచి మోసుకొచ్చే బురద, క్రషర్ లారీల నుంచి రాలే కంకర, ఊరి బాటల్లో సర్కారు తుమ్మ ముళ్ళు, ఇవి ఇంకా వేరే.

జూన్‌లో పడే మొదటి వాన గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఎండాకాలమంతా రోడ్డు మీద పేరుకున్న ఆయిలు, దుమ్ము ఆ మొదటి పావుగంట వానకు తేలి జారుడుగా మారతాయి. బాగా కురిసి కడిగేశాక కాస్త నయం, కానీ అప్పుడు నీళ్ళు నిలుస్తాయి. టైరు గాడులు లోతుగా ఉంటే ఆ నీటిని పక్కలకు తోసేస్తాయి, అరిగిపోయి ఉంటే తోయలేక బండి నీటి మీద తేలుతుంది, ఆ క్షణంలో స్టీరింగు తిప్పినా, బ్రేకు తొక్కినా లాభం ఉండదు. కొత్త టైరు గాడి ఏడెనిమిది మిల్లీమీటర్లు ఉంటుంది, చట్టం ప్రకారం 1.6 మిల్లీమీటర్ల దాకా వాడుకోవచ్చు, ఆ లోతులో గాడి అడుగున చిన్న దిమ్మలు ఉంటాయి, బటన్ అరిగి వాటితో సమానమైందంటే చట్టం ప్రకారం కూడా టైరు పని అయిపోయినట్టే. కానీ మన వానలకు అంతవరకు ఆగొద్దు, మూడు మిల్లీమీటర్లకు వచ్చినప్పుడే మార్చేయండి. మీవి ఐదేళ్ళవి, యాభై రెండు వేలు తిరిగినవి, ఎండకు పక్కగోడల మీద సన్నటి పగుళ్ళు కూడా వచ్చి ఉంటాయి, సర్వీసు వాళ్ళు చెప్పింది వ్యాపారం కోసం అనుకోవద్దు.

ఎండాకాలంలో టైరు పేలిపోవడం గురించి మన దగ్గర ఒక పెద్ద అపోహ ఉంది. గాలి ఎక్కువైతే ఎండకు పేలుతుందని ఏప్రిల్ రాగానే రెండు మూడు పాయింట్లు తగ్గించి కొట్టించుకుంటారు. జరిగేది దానికి తిరగబడి ఉంటుంది. గాలి తక్కువైన టైరు పక్కగోడ ప్రతి చుట్టుకూ నలిగి నిటారవుతుంది, ఆ నలుగుడుకు లోపల వేడి పుడుతుంది, కింద రోడ్డు వేడి, లోపల ఈ వేడి, పైన ఐదుగురు మనుషులు, డిక్కీలో బియ్యం బస్తా, హైవే మీద వంద స్పీడు, అలాంటప్పుడు పక్కగోడ చీలిపోతుంది. పేలిన టైరును రిమ్ము నుంచి ఊడదీసి చూడండి, లోపల నల్లటి రబ్బరు పొడి రాలి ఉంటే అది చాలా దూరం గాలి తక్కువతో నడిచిందని అర్థం. డ్రైవరు వైపు తలుపు తీస్తే పక్కన స్టిక్కరు ఉంటుంది, అందులో ఎంత రాస్తే అంత పెట్టండి, నిండా మనుషులూ సామానూ ఉన్నప్పుడు ఎంత పెట్టాలో కూడా చాలా స్టిక్కర్లలో విడిగా ఉంటుంది. చూసేది మాత్రం పొద్దున్నే, బండి కదలకముందు. ముప్పై కిలోమీటర్లు నడిపాక బంకులో చూస్తే టైరు వేడెక్కి నాలుగైదు పాయింట్లు ఎక్కువే చూపిస్తుంది, అప్పుడు గాలి తీసేస్తే తెల్లారేసరికి టైరు తక్కువ గాలితో ఉంటుంది. చిన్న గేజీ ఒకటి కొని డ్యాష్‌బోర్డులో పడేసుకోండి, ఎక్కువ ఖర్చేమీ కాదు. నైట్రోజన్ కొట్టించుకుంటే మంచిదే, కానీ మామూలు గాలిలో కూడా 78 శాతం నైట్రోజనే ఉంటుంది, నైట్రోజన్ బంకు దొరకలేదని గాలి తక్కువతో నడపడం కన్నా మామూలు గాలి కొట్టించుకోవడం ఎంతో మేలు.

బావగారి ఏటీ టైర్ల కోరికకు నేను అడ్డు చెప్పక తప్పడం లేదు. చూడ్డానికి బండి గంభీరంగా ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ అవి బరువెక్కువ, మైలేజీ తగ్గిస్తాయి, తారు రోడ్డు మీద గుయ్‌మని మోత, అన్నిటికన్నా ముఖ్యంగా తడి రోడ్డు మీద మంచి హెచ్‌టీ టైరు ఆగినంత త్వరగా చాలా ఏటీ టైర్లు ఆగవు. మీరు వారంలో ఆరు రోజులు తారు మీదే ఉంటారు. ఏడో రోజు పోయే పొలం చెల్క భూమైతే మామూలు టైరే సునాయాసంగా పోతుంది. నల్లరేగడి అయితే వాన పడ్డాక ఏటీ టైరు గాడుల్లో కూడా మట్టి కూరుకుపోయి చక్రం నున్నగా తయారవుతుంది, పైగా క్రెటాకు ముందు చక్రాలకే బలం అందుతుంది, కాబట్టి దిగబడితే ట్రాక్టరే గతి. ఆ రోజు రోడ్డు మీద కారు ఆపి గట్టు మీద నడిచి పోవడమే మంచిది.

మనాలి విషయంలో పిల్లలకు కోపం వచ్చినా సరే, ఈ కారులో వద్దనే చెబుతాను. నల్లగొండ నుంచి మనాలి రెండు వేల కిలోమీటర్లకు పైనే, సంక్రాంతి సెలవులు వారం, అందులో రానుపోను దారికే అంతా అయిపోతుంది, మంచులో పిల్లలు ఆడుకునేది ఒక్క పూట. జనవరిలో ఆగ్రా, ఢిల్లీ, పానిపట్ వైపు పొద్దున పూట పొగమంచు ఎంత దట్టంగా ఉంటుందంటే ముందు లారీ దగ్గరికి పోయేదాకా కనపడదు, నన్నడిగితే మనాలి మంచు కన్నా ఆ పొగమంచే ఎక్కువ భయపెట్టాలి, దానికి ఏ టైరూ సాయం చేయదు. అంత ప్రయాణంలో మంచు తగిలేది మనాలి దాటి సోలంగ్, 2020లో తెరిచిన అటల్ సొరంగం వైపు పోయేటప్పుడు, ఆ కొద్ది దూరం. ఆ కొద్ది దూరం కోసం నాలుగు వింటర్ టైర్లా? పైగా కొందామన్నా 2020 జూన్ నుంచి మన ప్రభుత్వం కొత్త టైర్ల దిగుమతిని ఆంక్షల కింద పెట్టింది, మీ సైజులో తెప్పించుకోవడం అంత తేలిక కాదు. ఢిల్లీ దాకా రైల్లోనో విమానంలోనో పోయి, అక్కడి నుంచి మనాలికి బస్సులో, మంచు ఉన్న చోటికి లోకల్ డ్రైవరు బండిలో పోండి. మంచు ఎక్కువ పడ్డ రోజు పోలీసులు ఆ దారిలో నాలుగు చక్రాలకూ బలం అందే ఫోర్ బై ఫోర్ బండ్లను, చైన్లు కట్టిన బండ్లను మాత్రమే పోనిస్తారు, ఏ మలుపులో మంచు గట్టిపడి ఉంటుందో అక్కడివాళ్ళకు తెలుసు. ఎప్పుడైనా సెలవులు ఎక్కువ దొరికి మీ కారులోనే పోవాలనిపిస్తే మీ టైరు సైజుకు సరిపడే మంచు చైన్లు తీసుకుని ముందు చక్రాలకు కట్టుకోండి, వాటి మీద నెమ్మదిగానే నడపాలి, మంచు దాటగానే విప్పేయాలి. రేడియేటర్‌లో మన దగ్గర మామూలు నీళ్ళు పోసే అలవాటు ఉంది, ఆ చలికి అవి గడ్డకడతాయి, పోయేముందు సరైన కూలెంట్ నింపించుకోవాలి.

షాపులో ఏం చూడాలో చెబుతాను. మీ టైరు మీద 215/60 ఆర్17 అని ఉందా, 205/65 ఆర్16 అని ఉందా ముందు చూసుకోండి, వేరియంట్‌ను బట్టి మారుతుంది, అదే సైజు అడగండి, వెడల్పు పెంచొద్దు. సైజు తర్వాత 96 హెచ్ లాంటి అంకె, అక్షరం ఉంటాయి, 96 అంటే ఆ టైరు 710 కిలోలు మోస్తుందని, హెచ్ అంటే గంటకు 210 కిలోమీటర్ల వేగం దాకా తట్టుకుంటుందని లెక్క. పాత టైరు మీద ఉన్న దానికన్నా ఈ రెండూ తగ్గకూడదు, ధర తక్కువని తగ్గించి అంటగడితే తీసుకోవద్దు. ఐఎస్ఐ గుర్తు ఉందో లేదో చూడండి. తర్వాత ముఖ్యమైనది తయారీ తేదీ, పక్కగోడ మీద చిన్న గడిలో నాలుగు అంకెలు, 2325 అని ఉంటే 2025లో ఇరవై మూడో వారంలో చేశారని అర్థం. నాలుగు టైర్లవీ మీరే వంగి చదవండి, మూడు కొత్తవి చూపించి నాలుగోది రెండేళ్ళ పాత స్టాకు కలిపే అవకాశం ఉంది. ఆ గడి కొన్నిసార్లు ఒక వైపే ఉంటుంది, కనపడకపోతే టైరు తిప్పించి చూడండి, బిగించాక చూస్తామంటే కారు కిందికి దూరాల్సి వస్తుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి కొత్త టైర్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, పాత ధరల కాగితం చూపిస్తే ఒప్పుకోకండి, బిల్లు మాత్రం తప్పకుండా తీసుకోండి, వారంటీకి అదే ఆధారం.

టైర్లతో పాటు రబ్బరు వాల్వులు నాలుగూ కొత్తవి వేయించండి, బ్యాలెన్సింగు, అలైన్‌మెంటు అదే రోజు చేయించండి, ఆ తర్వాత ప్రతి ఎనిమిది, పది వేలకు ముందువి వెనక్కు, వెనకవి ముందుకు మార్పించండి. ఎప్పుడైనా రెండే కొత్తవి కొనాల్సి వస్తే కొత్తవి వెనక చక్రాలకు వేయించండి, షాపువాళ్ళు ముందుకే వేస్తామంటారు, మీరు పట్టుబట్టండి, వానలో వెనక జారితే ఆపడం మామూలు డ్రైవరు వల్ల కాదు. స్టెప్నీలో గాలి కూడా చూపించండి, చాలా కార్లలో స్టెప్నీ మిగతా నాలుగింటి కన్నా ఒక సైజు చిన్నది ఇస్తారు, దాని మీద వేగం ఎంత మించకూడదో రాసి ఉంటుంది, పంక్చర్ షాపు దాకా పోవడానికే దాన్ని వాడుకోవాలి.

ఇంకొక్క పని చేయండి చెల్లెమ్మా. పాత టైర్లు వదిలేస్తే షాపువాళ్ళు ఎంతో కొంత తగ్గిస్తారు, తీసుకోండి, కానీ ఇచ్చేముందు వాటి పక్కగోడలు కత్తితో కోయించి ఇవ్వండి. గుండుగా అరిగిన టైర్లకు మళ్ళీ గాడులు చెక్కి, నల్ల రంగు పూసి సెకండ్ హ్యాండ్‌లో అమ్మేవాళ్ళు ఉన్నారు, తక్కువకు వస్తున్నాయని ఏ ట్యాక్సీ అతనో వాటిని కొని పిల్లల్ని ఎక్కించుకుని తిరుగుతాడు. కోస్తే ధర రాదని షాపులో గునుస్తారు, ఆ వంద రెండు వందలు పోయినా పర్వాలేదు, మీ కళ్ళ ముందే కోయించండి.